కొత్త బండి, తెరవని కబురు

మొన్న ఆదివారం మా సొసైటీ గేటు దగ్గర పక్క వింగు కుర్రాడు కొత్త మోటారు సైకిలు తెచ్చి నిలబెట్టాడు. మామూలు బండి కాదు. గుర్రమంత ఎత్తున, సన్నటి సీటుతో, గడ్డలు గడ్డలుగా ఉన్న టైర్లతో, బురదలోనైనా రాళ్లలోనైనా పోయే రకం. బంతిపూల దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ అబ్బాయి తల్లి నన్ను చూసి, పెద్దవారు మీరే కొబ్బరికాయ కొట్టండి కాకా అంటూ కాయ నా చేతికి ఇవ్వబోయింది. మోకాలు నొప్పిగా ఉందమ్మా, వంగలేను అని చెప్పి మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేశాను. మోకాలు నొప్పి ఉన్నవాడు లిఫ్టు వదిలి మెట్లెందుకు ఎక్కాడని ఆమెకు అనుమానం రాలేదు గానీ, వంటింట్లోంచి మా ఆవిడ నా ముఖం ఒకసారి చూసి మళ్లీ పోపులో పడింది. ఆమెకు తెలుసు. మిగతావాళ్లకు ఇంతవరకు చెప్పలేదు. నా ఈడువాళ్లు ఎవరైనా చదివితే, చివాట్లు పెట్టినా కాస్త అర్థం చేసుకుంటారన్న ఆశతో ఇప్పుడు చెబుతున్నాను.

మాది ఉత్తర తెలంగాణ నేత కుటుంబం. మేము నాన్నను బాపు అంటాం. బాపు తన పాతికేళ్ల వయసులో సూరత్‌కు వచ్చి మరమగ్గాల్లో చేరాడు. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. నేనూ సూరత్ శివారు భేస్తాన్‌లోని ఆ ఖాతాల మధ్యనే పెరిగి, మగ్గం చెడిపోతే బాగుచేసే మాస్టరునయ్యాను. బాపు అన్న, అంటే మా పెద్దబాపు, ఊళ్లోనే ఉండిపోయాడు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే బాపును సాకింది ఆయనే. పొలం గట్ల మీద భుజాన ఎత్తుకుని తిప్పేవాడట, తన వంతు గట్కలో సగం తీసి తమ్ముడికి పెట్టేవాడట. ముసలితనంలో ఆ అన్నదమ్ములిద్దరికీ మిగిలిన సంబరం ఒక్కటే, ఆదివారం పొద్దున వీడియో కాలు. ఇంట్లో అలాంటి ఫోను నాదొక్కటే ఉండేది, రెండోది మా అమ్మాయి పెళ్లై పోతూ పట్టుకెళ్లింది. నేను ఫోను పట్టుకుని కూర్చుంటే వాళ్లిద్దరూ మాట్లాడుకునేది తక్కువ, ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఎక్కువ. తిన్నవా అంటే తిన్న అనడం, మందులేసుకున్నవా అంటే ఏసుకున్న అనడం, అంతే. నాకు చెయ్యి లాగేది, విసుగొచ్చేది.

కరోనా వచ్చి రైళ్లు ఆగిపోయాక బాపు ఊరికి పోలేకపోయాడు. పెద్దబాపుకు ఆయాసం ఎక్కువైందని తెలిసిన దగ్గర్నుంచి ఈయనకు కాలు నిలిచేది కాదు, పొద్దున లేస్తే రైళ్లు నడుస్తున్నాయా అని అడిగేవాడు. మొదటి లాక్‌డౌన్ ఎత్తేశారు, మగ్గాలు మళ్లీ ఆడాయి, కానీ రైళ్లు ఏవో ప్రత్యేకమైనవే తిరిగేవి, టికెట్టు దొరికేది కాదు. అలాంటి సమయంలో నా బుర్రలో మోటారు సైకిలు ఆలోచన పుట్టింది. ఆఖరుకు నేను చేసిన పని చూస్తే, బండి బాపు కోసం అని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. నా పద్దెనిమిదేళ్లప్పుడు డుమస్ వైపు సముద్రపు పాయల దగ్గర ఎవరో సర్వే ఆఫీసరు ఇలాంటి ఎత్తు బండి మీద మోకాలి లోతు బురదలోంచి నవ్వుకుంటూ బయటికి రావడం చూశాను. మేమంతా చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాం. ఆ మనిషి మొహం గుర్తులేదు గానీ ఆ బండి బురద చిమ్ముకుంటూ గట్టెక్కిన తీరు ముప్పయ్యయిదేళ్లు నా కళ్లలో ఉండిపోయింది. పెద్దబాపు ఆయాసం నాకు సాకుగా దొరికింది.

మా ఆవిడ స్కూటరు కొనమంది. ముందర గ్యాసు బండ పెట్టుకోవచ్చు, కూరగాయల సంచి పెట్టుకోవచ్చు, తను చీరతో పక్కకు తిరిగి కూర్చోవచ్చు. మూడూ న్యాయమైన మాటలే. నేను మాత్రం, రేపు మళ్లీ రోడ్లు మూసేస్తే పొలాల్లోంచైనా బాపును ఊరికి చేర్చే బండి కావాలి, స్కూటరేం చేస్తుంది అన్నాను. ఆమె నవ్వి, "డెబ్బయ్యారేండ్ల ముసలాయనను గట్ల మీదికెళ్లి తీస్కపోతవా? జర అద్దంల మొఖం చూస్కో, నీకే యాభై మూడు. ముసలోనికి దసరా పండుగ అన్నట్టుంది" అంది. బాపు మాత్రం పిల్లాడిలా సంబరపడ్డాడు. రెండు రోజులు ఆగుతూ ఆగుతూ పోదాం, ధూలియాలో ఒక రాత్రి పడుకుందాం అని లెక్కలు కూడా వేశాడు. ఆయన అటు ఒప్పుకున్నాక మా ఆవిడ ఇంక నోరెత్తలేదు.

నాలుగు షోరూములు తిరిగాను. మొదటి చోట ఒక కుర్రాడు పోటీల్లో మాత్రమే నడిపే బండి బొమ్మ చూపించాడు. దానికి లైట్లుండవు, నంబరు ప్లేటుండదు, రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు. మాకు కావలసింది రోడ్డు మీదా బురదలోనూ తిరగగలిగేది, కాగితాలున్నది. అలాంటిది చివరికి ఉధ్నా రోడ్డులో దొరికింది. ఎక్కి కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు అందలేదు, ముని వేళ్లు మాత్రం తగిలాయి. అమ్మకపు కుర్రాడు, "అంకల్, దో దిన్ మే ఆదత్ పడ్ జాయేగీ" అన్నాడు. రెండు రోజుల్లో అలవాటైపోతుందట. నా అంత పొట్టివాడికి ఆ బండి తగదని నాకూ తెలుసు, ఆ కుర్రాడికీ తెలుసు. అయినా మగ్గం కింద దూరి నట్లు బిగించే మనిషిని, చక్రం ఊచల్ని ఒక్కొక్కటే వేలితో మీటి చూశాను, ముందరి స్ప్రింగులు నొక్కి చూశాను, ఎత్తున పోయే పొగగొట్టాన్ని తడిమి చూశాను. అన్నీ చూసినట్టు నటించాను గానీ, లోపలికి అడుగుపెట్టిన నిమిషంలోనే నేను దానికి అమ్ముడుపోయాను.

బండి రావడానికి రెండు నెలలు పట్టింది. కార్తీక మాసంలో ఒక మంచి రోజు చూసి బాపే పదిన్నరకు ముహూర్తం పెట్టించాడు. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి నేను బాల్కనీలో గడ్డం గీసుకుంటుంటే ఫోను రెండుసార్లు మోగింది. చేతికి సబ్బుంది, ఎత్తలేదు. చేతులు తుడుచుకునేలోపు మెసేజ్ వచ్చింది. తెరవకుండానే పైన పట్టీలో రెండు ముక్కలు కనిపించాయి. పెద్దబాపు కొడుకు, నాకు అన్న వరసవాడు, పెట్టాడు. నాయిన తెల్లారుజామున పోయిండు, కరోనా భయానికి ఊళ్లో ఎవరూ రాట్లేరు, పదకొండుకే తీస్తున్నం, చిన్నబాపుకు వీడియోల మొఖం చూపియ్యి.

అక్కడ నిలబడి ఎంతసేపు ఆలోచించానో గుర్తులేదు, గడ్డం మీద సబ్బు ఎండిపోయింది. మా వాళ్లలో పాలివాళ్లు పోతే పది రోజులు మైల. కొత్త బండి తేవడానికి వీల్లేదు, పూజ లేదు, పసుపు లేదు. ఆ పది రోజులయ్యాక మూఢం వస్తుందని బాపే అన్నాడు, అంటే బండి ఇంకెప్పుడో. అప్పుడు నాకు మన పెద్దల నియమం ఒకటి గుర్తుకొచ్చింది. మైల పట్టేది కబురు చెవిన పడ్డప్పటి నుంచే. బాపు సూరత్‌కు వచ్చిన కొత్తల్లో వాళ్ల చిన్నాయన పోయిన కార్డు పన్నెండు రోజులకు అందిందట. ఆ పన్నెండు రోజుల్లో ఈయన పండుగ చేసుకున్నాడు, తలంటుకున్నాడు, బూరెలు తిన్నాడు. తెలియక చేసినదానికి తప్పులేదన్నారు పెద్దలు. కార్డు చదివించుకున్న నిమిషంలో కట్టుబట్టలతో స్నానం చేసి అప్పటి నుంచి మైల పట్టాడు. ఈ కథ బాపు నాకు చాలాసార్లు చెప్పాడు. నేను దాన్ని ప్లీడరులా పట్టుకున్నాను. మెసేజ్ నేను తెరవలేదు, అన్న ఫోనులో దాని కింది రెండు గీతలు నీలం కాలేదు, కాబట్టి నేను చదవలేదు, చదవలేదు కాబట్టి వినలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదేనని అప్పుడు తోచలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు తెరుస్తాను, అప్పుడే చెబుతాను అనుకున్నాను. మొఖం చూపియ్యమన్న మాట మాత్రం వదిలిపెట్టలేదు. చచ్చిపోయిన మనిషి ముఖం ఫోటో అయినా పంపుతారులే అని దాన్ని కూడా సర్దేశాను. ఫోను మోగకుండా చేసి జేబులో వేసుకున్నాను.

షోరూములో బాపుకు కుర్చీ వేశారు. ఆయన తెల్లటి ధోతి, ఇస్త్రీ చొక్కా, మూతికి గుడ్డ మాస్కు. అమ్మకపు కుర్రాడు తాళంచెవికి కూడా మందు నీళ్లు కొట్టి ఇచ్చాడు, మా ఆవిడ కొబ్బరికాయకు కొట్టమంటావా అని ఎగతాళి చేసింది. బాపే బండికి పసుపు కుంకుమ పెట్టాడు, కాయ కొట్టాడు. కాయ సమంగా రెండు చెక్కలైంది. మంచి శకునం అని ఆయన నా వీపు తట్టాడు. ఆపమని చెప్పడానికి అది మంచి సమయం, అప్పటికింకా పదిన్నర కాలేదు. నేను ఆపలేదు, నిమ్మకాయల మీదుగా బండిని ముందుకు పోనిచ్చాను. మొదటిసారి క్లచ్చు టక్కున వదిలేస్తే ఇంజను ఆగిపోయింది, ఆ ఎత్తుకు కాలు ఆనక బండి ఒరిగితే ఇద్దరు పట్టుకున్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మా ఆవిడ ఆటోలో ఇంటికి పోయింది, ఆ సీటు మీద ఎక్కనంది. బాపు ధోతిని మోకాళ్ల దాకా ఎగ్గట్టి, కుర్చీ వేయించుకుని మరీ వెనకాల ఎక్కాడు. రోడ్డు మీద కొంత దూరం పోయాక, బురదల పోతదన్నవు గదా, ఏదీ చూద్దాం అన్నాడు. భేస్తాన్ దారిలో కాలువ పక్కన ఒక మట్టిబాట ఉంది, వానలకు గుంతలు పడి ట్రాక్టర్లు తప్ప ఎవరూ పోయేవాళ్లు కాదు. అందులోకి తిప్పాను. నిజం చెబుతున్నాను, అంత సుఖం నా జన్మలో ఎరగను. గుంతలోకి దిగితే ముందరి చక్రం మెత్తగా మునిగి మెత్తగా లేచేది, బురద రెక్కల్లా రెండు వైపులా ఎగిరేది. బాపు నా నడుము చుట్టి పట్టుకుని పెద్దగా నవ్వుతున్నాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వగా నేను వినలేదు. జేబులో ఫోను తొడకు ఆనుకుని గురగురమంటోంది. ఆగుతోంది, మళ్లీ గురగురమంటోంది. చేతి గడియారంలో పదకొండు దాటింది.

కాలువ గట్టు మీద ఆపమన్నాడు. దిగి బండి చుట్టూ తిరిగి, బురద మరకల్ని ముచ్చటగా చూసి, మాస్కు కిందికి లాక్కుని అన్నాడు: "అన్నకు చూపియ్యాలెరా. వీడియో చెయ్యి. వచ్చే నెల దీని మీదనే వస్తున్నమని చెప్త, పండుకున్నోడు లేచి కూసుంటడు."

నేను ఫోను బయటికి తీయలేదు. "ఈడ సిగ్నల్ లేదు బాపు" అన్నాను. జేబులో అది గురగురమంటూనే ఉంది. ఆయనకు చెవులు మందం, వినపడలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ హారతి ఇచ్చింది. ఒంటిగంటకు ఫోను తీసి, అప్పుడే చూసినట్టు ముఖం పెట్టి, బాపు పక్కన కూర్చుని చెప్పాను. ఆయన ఏడవలేదు. ఎన్ని గంటలకు తీసిండ్రు అని మాత్రం అడిగాడు. పదకొండుకు అన్నాను. లేచి బాత్‌రూములోకి పోయి ఆ ఇస్త్రీ చొక్కాతోనే నెత్తిన నీళ్లు పోసుకున్నాడు. చెంబు చప్పుడు చాలాసేపు వినిపించింది. నాకు నీళ్లు తోడుతూ మా ఆవిడ తల ఎత్తకుండా అంది: "పొద్దుగాల్ల ఫోన్ చూసినంక నీ మొఖం మారింది. నేను బండి సంగతి అనుకున్న." తిట్టినా బాగుండేది.

పదోరోజున ఊళ్లో కర్మ అయ్యాక మా అన్న వీడియో కాలు చేశాడు. గుండు మీద తడి ఇంకా ఆరలేదు. ఎప్పటిలా నేనే ఫోను పట్టుకుని బాపు ముందు కూర్చున్నాను. మాటల్లో అతను అడిగాడు, "ఆనాడు ఫోన్ ఎందుకెత్తలేదు చిన్నబాపు? దింపుడు కల్లం కాడ నాయినను దించి పావుగంట ఆపినం. మూడు సార్లు పిలవాలె గదా, నేను పిలిచిన. నువ్వు పిలిస్తె పలుకుతడేమోనని ఆశ. ఫోన్ నాయిన చెవుకాడ పెట్టి కొడ్తనే ఉన్న. పొద్దుగాల ఎనిమిదింటికే మెసేజ్ కూడ పెట్టిన."

పాడెను దారిలో దించి, పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి పిలవడం మనందరికీ తెలిసిన ఆచారమే. ప్రాణం ఏ మూలనైనా ఉంటే, ప్రేమ ఉన్నవాళ్ల గొంతు విని లేస్తారని నమ్మకం. ఎవరూ లేవరని అందరికీ తెలుసు, అయినా పిలవకుండా ఎవరూ ముందుకు సాగరు. బాపును ఎత్తి పెంచిన మనిషి చెవి దగ్గర ఆ ఫోను మోగుతున్నంతసేపూ దాని రెండో కొస నా జేబులో ఉంది, బాపు నాకు రెండడుగుల దూరంలో నిలబడి బండి మీద బురద చూసి మురిసిపోతున్నాడు.

బాపు నా వైపు చూశాడు. ఎంతసేపో కాదు, మనిషిని గుర్తుపట్టడానికి పట్టేంతసేపు. తర్వాత ఫోను వైపు తిరిగి, "కాలువ కాడ ఉంటిమి బిడ్డా, ఆడ సిగ్నల్ లేకుండె" అన్నాడు.

నన్ను కాపాడడానికి నా అబద్ధాన్నే ఆయన చెప్పాడు. ఎనభై అయిదేళ్ల తన అన్న చితి ఆరిన పదోనాడు, ఎప్పుడూ అబద్ధమాడని మనిషి చేత నేను అబద్ధమాడించాను. అంతకంటే సిగ్గుపడ్డ క్షణం నా బతుకులో లేదు. ఆ రాత్రి ఆయన కాళ్ల మీద పడి చెబుదామని రెండుసార్లు మంచం దాకా పోయి, పడుకున్నాడులే అని వచ్చేశాను. పడుకోలేదని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ, మామూలు గొంతుతోనే, నాకొక ఫోన్ కొనియ్యిరా అన్నాడు. నా ఫోనుందిగా బాపు అన్నాను. "నీది నీకుండని. నాకొకటుండాలె" అన్నాడు. కొనిచ్చాను. బాపుకు అక్షరం ముక్క రాదు. పచ్చగుండీ ఎత్తడానికి, ఎర్రగుండీ పెట్టేయడానికి అని మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాడు, నా దగ్గర కాదు. ఊళ్లో అందరికీ ఆ నంబరు చెప్పించాడు. అప్పటి నుంచి ఊరి కబురు ఏదైనా ముందు ఆయనకే వచ్చేది, ఎవరింట్లో ఆవు ఈనింది, ఎవరికి జ్వరం తగ్గింది అన్నీ ఆయన చెబితేనే నాకు తెలిసేవి. స్నానానికి పోతే ఫోను బాత్‌రూము కిటికీలో పెట్టుకునేవాడు. నాతో కోపంగా ఉన్నాడని ఎవరూ అనలేరు, నా పళ్లెంలో కూర ముక్కలు ఎప్పటిలాగే వేసేవాడు. కానీ బండి ఎక్కమంటే నడుము నొస్తది అనేవాడు. టీకాకు కూడా ఆటోలోనే పోయాడు. ఆ బండిని రెండు వానాకాలాలు నడిపాను. కాలువ బాట వైపు మళ్లీ పోలేదు, ఉత్త తారు రోడ్డు మీద ఖాతాకు పోయి రావడానికి అంత ఎత్తు బండి ఎందుకని అమ్మేశాను. మూడేళ్ల కింద బాపు కూడా పోయాడు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మా చిన్నప్పుడు ఈ సూరత్‌లో మన తెలుగువాళ్ల వాడలన్నిటిలోనూ ఉత్తరాలు చదివిపెట్టే మనిషి ఒకడుండేవాడు. మా ఇళ్ల వరుసకు ఆ మనిషిని నేనే. నాలుగో తరగతి చదువుతోనే ఆ గౌరవం దక్కింది. షిఫ్టు దిగి వచ్చినవాళ్లు చేతులు తుడుచుకుని నా చుట్టూ కూర్చునేవాళ్లు. పుట్టుక, చావు, అలక, పెళ్లిచూపులు, అన్నీ నా నోటి గుండానే వాళ్ల చెవుల్లో పడేవి. నేను ఒక మాట మింగినా, ఒక మాట కలిపినా వాళ్లకు తెలిసే దారి లేదు. అయినా ఎవరూ నన్ను అనుమానించలేదు. ఉత్తరం చదివేవాడు మింగుతాడన్న ఊహే అప్పటి మనుషులకు వచ్చేది కాదు. ఇప్పుడు ఆ అవసరం ఎవరికీ లేదు, ఎవరి కబురు వాళ్ల అరచేతిలోకే వస్తుంది. కాలం మారింది, ఫోనులొచ్చాయి, అందుకని ఒకరి నోటిని ఒకరు నమ్ముకునే రోజులు పోయాయి అని మన ఈడువాళ్లు చెప్పుకుంటుంటే నేనూ తలూపుతాను. మా ఇంట్లో మాత్రం అది కాలం చేసిన పని కాదు. అక్షరం రాని మా బాపు, డెబ్బయ్యారేళ్ల వయసులో, కన్నకొడుకు నోటిని నమ్మలేక ఫోను నేర్చుకున్నాడు.